రోహిణి కార్తెలో కొలిచిన బాడవ

గులకదిబ్బ అనే ఊరు మీరు ఏ పటంలో వెతికినా దొరకదు. పటాలు గీసేది మనుషులు. ఆ ఊళ్లో మనుషులే లేరు. అక్కడివాళ్లంతా నాలుగు కాళ్లవాళ్లు. పది కాళ్లాయన ఒక్కడున్నాడు, ఆయన సంగతి తరవాత చెబుతాను.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో మనసులో గీసుకుందాం. ఒక వెడల్పాటి పళ్లెం అనుకోండి. పళ్లెం అంచున ఒక అన్నం ముద్ద పెట్టారనుకోండి. ఆ ముద్ద గులకదిబ్బ. గులకరాళ్లూ గట్టి మట్టీ కలిసిన ఎత్తయిన నేల. జంతువుల ఇళ్లన్నీ దానిమీదే. పళ్లెం ఉందే, అది బాడవ. బాడవ అంటే పల్లపు నేల. వానాకాలంలో అక్కడ మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి, చలికాలంలో బురదా తుంగా ఉంటాయి, ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. ఎండాకాలంలో చూసినవాడెవడైనా "అబ్బ, ఎంత ఖాళీ జాగా!" అంటాడు.

ఖాళీ కాదు, పిల్లలూ. ఒక గోనెసంచిని బాగా తడిపి గోడకు వేలాడదీయండి. పైన ఆరిపోయినట్టే ఉంటుంది, కింది అంచునుంచి మాత్రం చాలాసేపు చుక్కలు పడుతూనే ఉంటాయి. బాడవ చేసే పని అదే. వానాకాలంలో తాగిన నీళ్లను కడుపులో దాచుకుని, ఎండాకాలమంతా దిబ్బ పక్కనున్న చెలమలోకి, అంటే ఇసుకలో తవ్విన నీళ్ల గుంటలోకి, కొద్దికొద్దిగా వదిలిపెడుతుంది. దిబ్బమీద అందరూ తాగేది ఆ చెలమ నీళ్లే.

అందుకే ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఏటా పుబ్బ కార్తెలో, వానలు బాగా ముదిరాక, నీలవేణి అనే గేదె బాడవ అంచున ఒక నడక నడుస్తుంది. నడుస్తూ అడుగడుగునా గిట్టను గట్టిగా నొక్కి తీస్తుంది. చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకటి నుంచి పది దాకా లెక్కపెడతారు. ఆ లోపల గిట్ట గుర్తులో నీళ్లు ఊరితే అది నీటి చోటు. ఊరకపోతే మెట్ట. నీటి చోటు ఎక్కడ మొదలవుతుందో అక్కడ వరసగా తుంగ నాటుతారు. తుంగకు ఇవతల ఎవరైనా ఇల్లు తవ్వుకోవచ్చు, అవతల ఎవరూ తవ్వకూడదు. ఇంతే. చదువురానివాళ్లకు కూడా అర్థమయ్యే చట్టం.

ఒక ఏడాది రోహిణి కార్తెలో, ఎండ నడినెత్తిన మండుతుండగా, తాయారు అనే కుందేలు ఆరుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని గులకదిబ్బకు వచ్చింది. దాని కొండను రాళ్లకోసం పగలగొట్టేశారు. పదిరోజులుగా నడుస్తున్నారు. ఆఖరి పిల్ల, బుడిగి, నడవలేక తల్లి వీపుమీద వేలాడుతోంది.

"వానలు పడేలోగా మాకో ఇల్లు కావాలండీ," అంది తాయారు. "పెద్దగా అక్కర్లేదు. వానలో పిల్లలు తడిస్తే బతకరు."

దిబ్బవాళ్లంతా సమావేశమయ్యారు. సమావేశానికి పెద్ద పరాంకుశం అనే ముళ్లపంది. ఆయన ఒళ్లంతా ముళ్లే కాదు, మాటంతా కూడా ముళ్లే. ఆయన ఇంటికీ, రాజ్యం అనే ఉడుము ఇంటికీ మధ్య మూడు మూరల ఖాళీ ఉంది. దిబ్బమీద అలాంటి ఖాళీలు ఇంకా నాలుగైదు ఉన్నాయి. నీలవేణి వాటినే చూపించింది.

"పరాంకుశం గారూ, మీ ఇంటి పక్కన మూడు మూరలున్నాయి కదా. కుందేళ్లు సన్నగా తవ్వుకుంటాయి. సరిపోతుంది."

"అది ఖాళీ అని ఎవరన్నారు?" అన్నాడు పరాంకుశం. "పొద్దున లేచి నేను ముళ్లు విదిలించుకునేది ఎక్కడ? అక్కడే."

"ఎంతసేపు విదిలించుకుంటారు?"

"ఎంతసేపైతేనేం! విదిలించుకునేటప్పుడు చోటు కావాలా, వద్దా?"

రాజ్యం మెడ సాచింది. "నా ఎండరాయి సంగతి కూడా చూడండి వదినా. ఇవాళ అక్కడో ఇల్లంటారు. రేపు ఆ ఇంటి ముందు మట్టి గుట్ట పోస్తారు. ఆ గుట్ట నీడ నా రాయిమీద పడుతుంది. నేను ఎక్కడ వెచ్చబడాలి?"

"రోహిణి కార్తెలో వెచ్చబడటానికి రాయి కావాలా నీకు?"

"చలికాలం రాదా ఏమిటి?"

పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "అమ్మా తాయారూ, మాకు కుందేళ్లంటే ఎంతో అభిమానం. మీరు తప్పకుండా ఎక్కడో ఒకచోట ఉండాలి. అది ఇక్కడ కాకపోతే మరీ సంతోషం."

తాయారు బుడిగిని వీపుమీద ఇంకొంచెం పైకి జరుపుకుంది.

అప్పుడు వెనకనుంచి మెత్తటి గొంతు వినిపించింది. "ఎందుకండీ ఈ గొడవంతా? నన్నో మాట చెప్పనివ్వండి."

మాట్లాడింది ఏకాంబరం. నక్క. వాడికి దిబ్బమీద ఇల్లు లేదు. రాత్రిళ్లు కోళ్లకోసం ఊరూరా తిరిగేవాడిని పక్కన పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

"కింద బాడవ చూడండి, కనుచూపు మేర ఖాళీ," అన్నాడు ఏకాంబరం. "పైన మీరు మూడు మూరలకోసం తగాదా పడుతున్నారు. చెల్లెమ్మను అక్కడ పెట్టుకుందాం."

"తుంగ అవతల ఇల్లు తవ్వకూడదు," అంది నీలవేణి.

"కట్టుబాటు కాదన్నానా పెద్దమ్మా? కట్టుబాటు ప్రకారమే చేద్దాం. నువ్వు నడువు, గిట్ట నొక్కు, మేం లెక్కపెడతాం. నీళ్లు ఊరితే నోరు మూసుకుంటాను."

"నడక పుబ్బలో కదా నాయనా. ఇది రోహిణి."

"అదే గిట్ట, అదే నేల. కార్తె మారితే గిట్ట మారుతుందా? పుబ్బ రావడానికి మూడు నెలలుంది. అప్పటిదాకా ఈ పసివాళ్లు ఎక్కడుంటారు? పరాంకుశం గారి ముళ్లమీదా?"

అందరూ నవ్వారు. నవ్వాక అందరికీ హాయిగా అనిపించింది. ఎందుకంటే ఆ మాటతో ఎవరి ఖాళీ వాళ్లకు మిగిలిపోతుంది. పరాంకుశం వెంటనే, "నడక ఎప్పుడు జరగాలో ఎవరూ రాసిపెట్టలేదే," అన్నాడు. "ఏటా పుబ్బలో నడిచామంటే వీలు కుదిరి నడిచాం, అంతే."

అది నిజం కాదని ఆయనకు తెలుసు. కానీ తనకు లాభమైన మాటను నిజమని నమ్మడానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు.

నీలవేణి ఒప్పుకుని ఉండకూడదు. కానీ బుడిగి ముఖం చూసి కాదనలేకపోయింది. బాడవలోకి దిగింది. గిట్ట నొక్కింది. ఫట్‌మని దుమ్ము లేచింది. పది లెక్కపెట్టారు. చుక్క లేదు.

"పదేమిటి, నూరు లెక్కపెట్టండి!" అన్నాడు ఏకాంబరం ఉదారంగా. నూరు లెక్కపెట్టారు. దుమ్ము వెళ్లి రాజ్యం ముక్కులో పడి తుమ్ము వచ్చింది, అంతే.

"ఇవాళ నీళ్లు ఊరలేదు," అంది నీలవేణి. "నా గిట్ట ఇవాళ్టి మాటే చెబుతుంది. పుబ్బలో ఏమంటుందో నేను చెప్పలేను."

"ఇవాళ్టి మాట చాలు," అన్నాడు పరాంకుశం. "బాడవ మెట్టగా మారింది. ఈ సభ తీర్మానించింది. తుంగ పీకేయండి."

బాడవలో ఇళ్ల పంపకం అంతా ఏకాంబరానికే అప్పగించారు. అంత ఎండలో కిందికి దిగే ఓపిక ఇంకెవరికీ లేదు మరి.

బాడవలో దిబ్బకు ఇరవై బారల దూరాన ఒక చిన్న మిట్ట ఉంది. ఏకాంబరం తన ఇల్లు ఆ మిట్టమీద తవ్వుకున్నాడు. తాయారుకు మిట్ట కిందే, పల్లంలో, చోటు చూపించాడు.

"ఇదిగో చెల్లెమ్మా, ఇక్కడ తవ్వుకో. వాకిలి ఇటువైపు, నా ఇంటికి ఎదురుగా పెట్టు. పక్కింటివాళ్లం కదా, ముఖాలు కనపడాలి."

"రెండో వాకిలి ఎటు పెట్టుకోనన్నయ్యా?"

"రెండోదెందుకు?"

"మా ఇళ్లకు రెండు వాకిళ్లుంటాయి. మా అమ్మ ఇల్లు అంతే, మా అమ్మమ్మ ఇల్లూ అంతే."

ఏకాంబరం నాలిక చప్పరించాడు. "కొత్త పేటలో కొత్త నియమాలమ్మా. ఇంటికి ఒకటే వాకిలి. కానీ అది మాత్రం బాగా వెడల్పుగా తవ్వు. పిల్లలకు గాలి రావాలి. ఇంకోమాట. తవ్విన మట్టి ఎక్కడపడితే అక్కడ పోయకు. ఆ పిల్లకాలువ ఉంది చూశావా, అందులో పొయ్యి. చదునవుతుంది, చూడ్డానికి బాగుంటుంది."

ఆ పిల్లకాలువ ఏమిటో చెప్పాలి. దిబ్బమీద పడ్డ వాన బాడవలోకి దిగిపోయే దారి అది. చదునైతే చూడ్డానికి బాగుంటుందన్నది నిజమే. నీళ్లు ఎటు పోవాలన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

తాయారు తవ్వడం మొదలుపెట్టింది. మూరెడు లోతుకు వెళ్లేసరికి పక్కనుంచి ఎవరో గొణుగుతున్నారు.

"నెమ్మది, నెమ్మది! నా పడకగది కూలేట్టుంది!"

మట్టిలోంచి రెండు డెక్కలు, తరవాత రెండు కళ్లు బయటికి వచ్చాయి. ఇందాక చెప్పిన పది కాళ్లాయన ఈయనే. ఎండ్రకాయ కొండాలు. బాడవలో పుట్టి బాడవలోనే ముసలివాడైనవాడు. సమావేశాలకు ఆయన్ని ఎవరూ పిలవరు, ఎప్పుడూ భూమిలోనే ఉంటాడు కనక.

"క్షమించు తాతా. ఇక్కడ ఎవరూ లేరన్నారు," అంది తాయారు.

"ఎవరన్నారు?"

"ఏకాంబరం అన్నయ్య."

"అన్నయ్యా!" కొండాలు నవ్వితే బుడగలొచ్చాయి. "సరే. వాకిళ్లెన్ని?"

"ఒకటేనట. ఆయన ఇంటికి ఎదురుగా."

"వెడల్పుగానా, ఇరుగ్గానా?"

"వెడల్పుగా. పిల్లలకు గాలి రావాలని."

కొండాలు, బడిలో పిల్లాడితో లెక్క చేయించే పంతులులా, ఒక్కో డెక్కా ఎత్తుతూ అడిగాడు. "ఎండ్రకాయ ఇల్లు ఎంతవరకు తవ్వుతుందో తెలుసా అమ్మాయీ? నీళ్లు తగిలేవరకు. మొన్న నా ఇంట్లో నీళ్లు రెండు బారల లోతున ఉన్నాయి. నిన్న ఒకటిన్నరకు వచ్చాయి. ఇక్కడ వాన పడిందా?"

"లేదు."

"ఎగువ ఎక్కడో పడింది. బాడవలోకి నీళ్లు పైనుంచే వస్తాయని అందరూ అనుకుంటారు. ముందు కిందినుంచి వస్తాయి. మృగశిర నడుమకు నీ ఇంట్లో నేల తడుస్తుంది. పిల్లలు బయటికి పరుగెత్తాలి. ఎటు పరుగెత్తుతారు?"

"ఉన్నదొకటే వాకిలి కదా."

"ఆ వాకిలి ఎదురుగా పొడి మిట్టమీద కూర్చుని ఉండేదెవరు?"

తాయారు చెవులు రెండూ నిటారుగా లేచాయి. తరవాత మెల్లగా వీపుమీదికి వాలిపోయాయి.

"ఇప్పుడే పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతాను తాతా."

"ఎక్కడికి? ఆరుబయట వానలో పెడతావా? కాస్త నిదానించు. మీ అమ్మమ్మ ఇంటికి వాకిళ్లెన్నన్నావు?"

"రెండు."

"మరి తవ్వు రెండోది. నియమం వాడిది, గోళ్లు నీవి."

ఆ సాయంత్రం నీలవేణి చెలమ దగ్గరికి వచ్చినప్పుడు తాయారు సంగతంతా చెప్పింది. గేదె చాలాసేపు తోక ఊపకుండా నిలబడిపోయింది. ఈగలు వాలినా ఊపలేదు.

"తప్పు నాదేనమ్మా," అంది చివరికి. "పుబ్బలో నడవాల్సిన నడక రోహిణిలో నడిచాను. ఊళ్లోవాళ్లను కేకేసి చెప్పనా?"

"చెబితే నమ్ముతారా పెద్దమ్మా? నమ్మితే మూడు మూరలివ్వాలి కదా. దానికంటే నాకో సాయం చెయ్యి. నేలకింద నాకు దిక్కు తెలీదు. పైన పరాంకుశం గారి ఇంటికీ రాజ్యం గారి ఇంటికీ మధ్య నిలబడి, రోజూ మధ్యాహ్నం గిట్టతో మూడుసార్లు కొట్టు. ఆ చప్పుడు పట్టుకుని వస్తాను."

మర్నాటినుంచి నీలవేణి రోజూ మధ్యాహ్నం ఆ మూడు మూరల ఖాళీలో నిలబడి ధన్, ధన్, ధన్ అని కొట్టింది.

"ఏమిటి నీలవేణీ ఈ చిందులు?" అని కసురుకున్నాడు పరాంకుశం. "కునుకు పట్టనివ్వవా?"

"ఈగలండీ. తోలుకుంటున్నాను."

"ఈగలు కాళ్లకింద ఉంటాయా?"

"ఈ ఏడు ఈగలు అలాగే ఉన్నాయండీ."

కింద కొండాలు దారి చూపిస్తున్నాడు. "మెత్తటి మట్టి వద్దు, కూలుతుంది. ఈ గట్టి ఎర్రమట్టి పొర పట్టుకుని మెల్లగా పైకి రా. సన్నగా తవ్వు." తాయారు, పెద్దపిల్లలు ఇద్దరూ తవ్వారు. ఆ మట్టంతా ఎక్కడ పోశారు? ఏకాంబరం చెప్పిన పిల్లకాలువలోనే. మట్టి గుట్ట పెరుగుతుంటే వాడు మిట్టమీద కూర్చుని మురిసిపోయాడు.

"ఎంత కష్టపడుతున్నావు చెల్లెమ్మా! ఇంత మట్టా! లోపల నాలుగు గదులైనా ఉండాలే."

"అంతా మీ దయ అన్నయ్యా."

సొరంగం దిబ్బకిందికి చేరింది. పైకి ఇంకా జానెడు మట్టి ఉందనగా తాయారు ఆగిపోయింది.

"తెరిచేయక ఆగావేం?" అన్నాడు కొండాలు.

"చెప్పాపెట్టకుండా ఒకరి వాకిట్లో పైకి లేవడం ఏం మర్యాద తాతా? అవసరమొస్తేనే తెరుస్తాను."

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. గాలి ఆగిపోయింది. కొండాలు పక్కింటి గోడ కొట్టాడు. "నా గడప దాటాయమ్మాయ్! నీ నేల చూసుకో!"

తాయారు నేలమీద పాదం నొక్కి తీసింది. ఒకటి, రెండు, మూడు. పాదం గుర్తులో నీళ్లు ఊరాయి.

"పిల్లలూ, పదండి. బుడిగీ, నా తోక వదలకు."

అప్పుడే మొదటి చినుకులు పడ్డాయి. వెంటనే కుండపోత. దిబ్బమీది నీళ్లన్నీ పిల్లకాలువవైపు పరుగెత్తాయి, మట్టి గుట్ట అడ్డం వచ్చేసరికి ఆగి, వెనక్కి తిరిగి, రాజ్యం ఇంట్లోకి దూరాయి. రాజ్యం తడిసిన ఒంటితో ఎండరాయి ఎక్కి, "మెట్టమీద నీళ్లేమిటి! పైకి నీళ్లేమిటి!" అని అరుస్తోంది.

పరాంకుశం ఇంట్లోకి కూడా నీళ్లు వచ్చాయి. ఆయన బయటికొచ్చి, ఇంటి పక్కన కాస్త ఎత్తుగా ఉన్న మూడు మూరల ఖాళీలో నిలబడ్డాడు. చుట్టూ చూస్తుండగా కాళ్ల మధ్య నేల గుండ్రంగా విరిగింది. అందులోంచి రెండు చెవులు లేచాయి.

"నమస్కారమండీ," అంది తాయారు. "చెప్పకుండా వచ్చాను. కింద ఇల్లు మునిగిపోయింది."

"నువ్వా! ఇక్కడెలా... ఇది నా ముళ్లు విదిలించుకునే..."

ఆయన మాట పూర్తికాలేదు. బుడిగి కంతలోంచి బయటికి పాకి, వణుకుతూ, తిన్నగా ఆయన పొట్ట కిందికి దూరిపోయింది. ముళ్లపంది ఒంటిమీద ముళ్లు లేని చోటు అదొక్కటే. ఇన్నేళ్లలో ఎవరూ ఆ చోటు వెతుక్కుని రాలేదు.

పరాంకుశం కదలకుండా నిలబడ్డాడు. మెల్లగా ముళ్లన్నీ వెనక్కి మడిచాడు.

"సరే," అన్నాడు కటువుగా. "వాన తగ్గేదాకా మాత్రమే."

తల్లీ, మిగిలిన ఐదుగురు పిల్లలూ ఒక్కొక్కరే పైకి వచ్చారు. ఆ మూడు మూరల్లో అందరూ పట్టారు.

ఈలోగా కింద ఏకాంబరం తన గడపమీద కూర్చుని, ఎదుటి వాకిలివైపు చూస్తున్నాడు. చూసినకొద్దీ నోట్లో నీళ్లూరుతున్నాయి. వాకిట్లో కూడా నీళ్లూరుతున్నాయి. కుందేళ్లు మాత్రం రావడం లేదు.

"చెల్లెమ్మా! నీళ్లొస్తున్నాయి, బయటికి రా! భయపడకు, నేనున్నాను!"

వాకిలివైపు చెవులు రిక్కించాడు.

నిద్రపోతున్నారేమో అనుకున్నాడు. ఇంకాసేపు ఆగితే మునిగిపోతారేమో అనుకున్నాడు. ఆ దిగులు వాళ్లకోసం కాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క దూకు దూకి, తానే వెడల్పు చేయించిన వాకిలిలోంచి లోపలికి వెళ్లాడు. గదిలో ఎవరూ లేరు. వెనకగోడలో ఒక సన్నటి దారి, దాంట్లో వెచ్చటి కుందేటి వాసన.

"ఓహో, రెండో వాకిలా? నియమం తప్పుతారా?" అని పళ్లు కొరుక్కుంటూ పొట్ట లోపలికి పీల్చి అందులో దూరాడు.

సరిగ్గా అప్పుడే పిల్లకాలువలో మట్టి గుట్ట తెగింది. దిబ్బ పక్కన ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా బాడవలోకి దూకాయి. మిట్ట చుట్టూ నీళ్లు, మిట్టమీద నీళ్లు, తాయారు ఇంట్లో నీళ్లు. సొరంగంలో ఏకాంబరం తోక తడిసింది. తరవాత వెనక కాళ్లు. వెనక్కి తిరగడానికి చోటు లేదు. ముందుకు పాకి పాకి చివర వెలుగున్న కంతలోంచి మూతి బయటపెట్టాడు.

ఎదురుగా పరాంకుశం వెనకభాగం ఉంది.

పరాంకుశం తల తిప్పకుండానే, "ఎవరది?" అన్నాడు.

"నేనేనండీ, ఏకాంబరాన్ని. కొంచెం జరిగితే బయటికొస్తాను."

"నువ్వు బాడవలో ఉండాలి కదయ్యా?"

"బాడవంతా నీళ్లండీ!"

"నీళ్లేమిటి? అది మెట్ట. నూరు లెక్కపెట్టావుగా?"

"అది రోహిణిలో పరాంకుశం గారూ!"

"అదే గిట్ట, అదే నేల అన్నావుగా? కార్తెతో పనేమిటన్నావుగా?"

"నీళ్లు నడుముదాకా వచ్చాయి. ధర్మప్రభువులు, చోటివ్వండి!"

"చూస్తే మూడు మూరలు. అందులో తల్లీ పిల్లలూ, నేనూ. నువ్వెక్కడ పడతావు?" అని ఆగి, పరాంకుశం అడిగాడు. "అవునూ, వాళ్ల ఇంట్లోంచి వస్తున్నావేం నువ్వు?"

ఏకాంబరం నోరు తెరిచాడు. ఇంతకాలం వాడికి ఒక్క మాటకూ తడుముకోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"వాళ్లను... రక్షిద్దామని."

ఎండరాయిమీదనుంచి రాజ్యం పకపకా నవ్వింది. కుందేలు పిల్లలు నవ్వారు. పరాంకుశం నవ్వాడు. ముళ్లపంది నవ్వితే ఏమవుతుందంటే, ముళ్లన్నీ ఒక్కసారి లేచి నిలబడతాయి. అదే క్షణంలో వెనక నీళ్లు తోస్తే ఏకాంబరం ఎగిరి బయటపడ్డాడు. మూతినిండా, మెడనిండా ముళ్లు గుచ్చుకుని, దువ్వెన నడుస్తున్నట్టు, కుయ్యో మొర్రోమని దిబ్బ అవతలికి దౌడు తీశాడు. ఆ తరవాత గులకదిబ్బలో వాడిని చూసినవాళ్లు లేరు.

వాన తగ్గింది. అందరూ బాడవ అంచుకు వచ్చారు. తుంగ పీకేసిన చోటు దాటి నీళ్లు నిండుగా, నిదానంగా, తమ ఇంటికి తాము వచ్చినట్టు నిలబడి ఉన్నాయి. కొండాలు ఒడ్డుకు పక్కవాటుగా నడిచి వచ్చాడు. ఇన్నేళ్లకు మొదటిసారి ఊరంతా ఆయన మాటకోసం ఎదురుచూసింది.

"ఆ మట్టి తీసేసి కాలువ బాగుచేయండి," అన్నాడాయన. "ఈసారి సమావేశం పెడితే నేలకింద ఉన్నవాళ్లను కూడా పిలవండి. నీళ్ల సంగతి మాకే ముందు తెలుస్తుంది."

నీలవేణి అందరి ఎదుటా తల వంచింది. "ఇకమీదట మీరు నూరుమంది తీర్మానించినా సరే, పుబ్బలో తప్ప నేను నడవను."

"తీర్మానించంలే," అన్నాడు పరాంకుశం నేల చూస్తూ. "తుంగ తిరిగి నాటుదాం. ఎండాకాలంలో మనం తాగే చెలమ నీళ్లు ఇవేనన్నది నేను... కాస్త మరిచిపోయాను."

తాయారు పిల్లల్ని కూడగట్టుకుంది. "వాన తగ్గిందండీ. మేం వెళ్లొస్తాం మరి."

పరాంకుశం ఆకాశం చూశాడు. "నేల ఆరలేదుగా. నేల ఆరేదాకా ఉండండి."

నేల ఆరాక, "ఆరుద్ర కార్తె కూడా పోనీ," అన్నాడు. ఆరుద్ర పోయాక, "ఆ పిల్లకు ఇంకా దగ్గు తగ్గలేదు కదా," అన్నాడు. బుడిగికి దగ్గు ఎప్పుడూ లేదు. తాయారు ఆ మూడు మూరల్లో సన్నటి ఇల్లు తవ్వుకుంది, రెండు వాకిళ్లతో. మట్టి గుట్ట రాజ్యం రాయిమీద నీడ పడకుండా అవతలివైపు పోసింది. రాజ్యం ఒక పూటంతా కొలిచి కొలిచి చూసి, ఏ లోటూ కనపడక కొంచెం నిరుత్సాహపడింది. దిబ్బమీద తక్కిన ఖాళీలు కూడా ఉన్నాయి కదా, ఆ ఏడాది ఇంకో రెండు కుటుంబాలు వచ్చి వాటిల్లో సర్దుకున్నాయి. పరాంకుశం గొణిగాడు, కాదనలేదు. ముళ్లు మాత్రం ఇప్పుడు చెలమకు వెళ్లే దారిలో విదిలించుకుంటున్నాడు.

పుబ్బ కార్తె వచ్చింది. నీలవేణి ఊరందరి ముందు నడక మొదలుపెట్టి గిట్ట నొక్కింది. "ఒకటి," అంది బుడిగి అందరికంటే ముందు. రెండు అనేలోపే గిట్ట గుర్తు నిండిపోయింది.

నీతి: పక్కవాడికి మూడు మూరలు ఇవ్వడానికి మనసొప్పనివాళ్లే, నీళ్లకు చెందిన నేలంతా నక్క చేతిలో పెడతారు.